బాపుకు జ్వరం తగ్గట్లేదు, జీనోమ్ సీక్వెన్సింగ్ చేయిద్దామంటున్నారు. చేయించాలా?

పరకాల రైతుబిడ్డ:

అందరికీ నమస్తే. మా బాపుకు యాభై ఎనిమిదేళ్లు, షుగర్ ఉంది, మందులు సరిగా వేసుకోడు. వానాకాలం నాట్లు అయిపోయిన కొన్నాళ్లకు జ్వరం మొదలైంది, పొద్దున కాస్త తగ్గినట్టే ఉంటుంది, సాయంత్రం అయ్యేసరికి వణుకు పుట్టి మళ్లీ వస్తుంది, నెల కావస్తోంది, మనిషి సగమైపోయాడు. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, సెలైన్లు అయ్యాయి. తర్వాత హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. డెంగ్యూ లేదు, మలేరియా లేదు, వైడల్‌లో కొంచెం అనుమానంగా ఉందని టైఫాయిడ్ మందులు వాడారు, గుణం కనపడలేదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారు, గళ్ల తీసి సీబీనాట్ చేస్తే టీబీ రాలేదు, అయినా టీబీ మందులు మొదలుపెట్టి చూద్దామా అని ఒక డాక్టర్ అంటున్నారు.

ఇంకో డాక్టర్ ఏమన్నారంటే, రక్తంలో ఉన్న డీఎన్‌ఏ మొత్తం చదివి ఏ క్రిమి ఉన్నా చెప్పేసే టెస్ట్ ఒకటి ఉంది, శాంపిల్ బయటి రాష్ట్రానికి పంపాలి, ఖర్చు ఇరవై వేలు దాటుతుంది అన్నారు. జీనోమ్ సీక్వెన్సింగ్ అనే మాట కరోనా టైంలో టీవీలో విన్నదే తప్ప నాకు తెలియదు. డబ్బుల కోసం వెనకాడట్లేదు, అప్పు తెచ్చయినా చేయిస్తాను. కానీ అది నిజంగా అన్నీ కనిపెడుతుందా, అందులో ఏమీ రాకపోతే ఇన్ఫెక్షనే లేదని అర్థమా, అంతకంటే ముందు అడగాల్సినవి ఏమైనా ఉన్నాయా, తెలిసినవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

కాజీపేట మైక్రోబయాలజీ:

తమ్ముడూ, నేను ల్యాబ్‌లో పనిచేసే దాన్ని, బాపును చూస్తున్న డాక్టర్‌ను కాదు, అది గుర్తుపెట్టుకుని చదువు.

ముందు ఆ టెస్ట్ ఏం చేస్తుందో చెప్తాను. మామూలు పీసీఆర్‌లో మనం ఒక క్రిమిని అనుమానించి అది ఉందా లేదా అని అడుగుతాం, సీబీనాట్ కూడా అంతే, టీబీ ఉందా అని మాత్రమే అడిగింది, లేదంది, ఇంకేముందో దానికి తెలియదు. మీకు చెప్పిన టెస్ట్ పేరు మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్. ఇందులో ఎవరినీ ముందే అనుమానించరు, శాంపిల్‌లో ఉన్న డీఎన్‌ఏ ముక్కలన్నీ చదివి, కంప్యూటర్‌లో తెలిసిన జీనోమ్‌లతో, అంటే ఒక్కో జీవి పూర్తి డీఎన్‌ఏతో పోల్చి, ఏ ముక్క ఎవరిదో తేలుస్తారు. ఇది పనిచేస్తుందనడంలో సందేహం లేదు. 2014లో అమెరికాలో విస్కాన్సిన్‌కు చెందిన 14 ఏళ్ల అబ్బాయి కేసు పేపర్‌గా వచ్చింది, మెదడువాపు, పుట్టుకతోనే ఇమ్యూనిటీ లోపం, నెలల తరబడి ఆసుపత్రులు, ఆఖరికి మెదడు నుంచి ముక్క తీసి చూసినా కారణం దొరకలేదు. వెన్నులోంచి తీసిన నీటిని శాన్ ఫ్రాన్సిస్కోలో సీక్వెన్స్ చేస్తే 30 లక్షలకు పైగా ముక్కల్లో 475 మాత్రం లెప్టోస్పైరావి. అంటే మనం ఎలుక జ్వరం అనేదే. 48 గంటల్లో జవాబు వచ్చింది, పెన్సిలిన్ ఇచ్చారు, అబ్బాయి కోలుకున్నాడు.

ఈ కథ చదివిన ప్రతి ఒక్కరికీ మా ఇంటి మనిషికీ చేయించాలనిపిస్తుంది, అది సహజం. కానీ ఆ లెక్కనే ఇంకోసారి చూడు. 30 లక్షల్లో 475. మిగతావి దాదాపు అన్నీ ఆ అబ్బాయి సొంత డీఎన్‌ఏ. వెన్ను నీటిలో మన కణాలు తక్కువ ఉంటాయి, అక్కడే పరిస్థితి అలా ఉంటే రక్తంలో సంగతి చెప్పక్కర్లేదు, తెల్లకణాల నిండా మన డీఎన్‌ఏనే. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డులో ఉన్న మిర్చి అంతా కుమ్మరించి అందులో రెండు పసుపు కొమ్ములు వెతకడం లాంటిది. అందుకే కొన్ని ల్యాబ్‌లు మన డీఎన్‌ఏను ముందే తగ్గించే పద్ధతులు వాడతాయి, కొన్ని కణాలను పక్కనపెట్టి ప్లాస్మాలో తేలే డీఎన్‌ఏనే చదువుతాయి, ఏ పద్ధతి అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా.

ఏమీ రాకపోతే ఇన్ఫెక్షన్ లేదని అర్థమా అన్నావు. కాదు. 2019లో అమెరికాలో 8 ఆసుపత్రుల్లో కలిపి 204 మంది మీద చేసిన అధ్యయనం ఉంది, మెదడు, వెన్నుకు సంబంధించిన జబ్బులవాళ్లు. మొత్తం 58 ఇన్ఫెక్షన్లు తేలాయి. అందులో 13 సీక్వెన్సింగ్ ఒక్కటే పట్టుకుంది, మిగతా ఏ టెస్టుకూ చిక్కలేదు, ఇది చిన్న విషయం కాదు, ఆ 13 ఇన్ఫెక్షన్లు ఇంకోలా బయటపడేవి కావు. కానీ 26 ఇన్ఫెక్షన్లను సీక్వెన్సింగ్ వదిలేసింది, వాటిని మామూలు టెస్టులే చెప్పాయి. అందులో 11 కేవలం యాంటీబాడీ పరీక్షల్లో బయటపడ్డవి, 7 శరీరంలో వేరే చోటి నుంచి తీసిన శాంపిల్‌లో దొరికినవి. క్రిమి ఎక్కడ దాక్కుందో అక్కడి నుంచి శాంపిల్ తీయకపోతే ఎంత ఖరీదైన మెషిన్ అయినా ఏం చెప్తుంది?

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. టెస్టుకు వాడే కెమికల్స్‌లో, నీళ్లలో, శాంపిల్ తీసిన చర్మం మీద ఉండే క్రిముల డీఎన్‌ఏ కూడా రిపోర్టులోకి వస్తుంది. పది పేర్లు ఉన్న రిపోర్టు చేతికిచ్చి పంపిస్తే అందులో ఏది నిజమైన జబ్బు, ఏది ల్యాబ్ మురికి అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి లేకుండా చేయిస్తే పదో రకం యాంటీబయాటిక్ మొదలవుతుంది, అంతే.

కాబట్టి ముందు ఇవి అయ్యాయో లేదో కేస్ షీట్ చూసి చెప్పు. బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని సీసాలో పెంచి చూసే టెస్ట్, తీశారా, తీస్తే యాంటీబయాటిక్ పడకముందా తర్వాతా, ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పట్టారా లేక రెండు మిల్లీలీటర్లతో సరిపెట్టారా? గళ్లను టీబీకే కాకుండా మామూలు కల్చర్‌కు పంపారా? స్క్రబ్ టైఫస్, లెప్టోకు ఐజీఎం ఎలైసా, అంటే రక్తంలో యాంటీబాడీలు చూసే టెస్ట్, చేశారా? కడుపు స్కాన్‌లో కాలేయం, ప్లీహం జాగ్రత్తగా చూశారా? షుగర్ ఉండి, బురదలో పనిచేసే మనిషికి వానాకాలంలో జ్వరం అంటే నేను మొదట ఇవే అడుగుతాను.

ములుగు రోడ్డు:

అన్నా, నాకు సైన్స్ తెలియదు, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అత్తమ్మకు నిరుడు ఇలాగే జ్వరం, ఫీవర్ ప్రొఫైల్ అంతా నార్మల్ అన్నారు. ఒక నర్సమ్మ స్నానం చేయిస్తూ చంక కింద నల్లగా పొక్కు కట్టిన చిన్న పుండు చూసింది, నొప్పి లేదు కాబట్టి అత్తమ్మ ఎవరికీ చెప్పలేదు. అది స్క్రబ్ టైఫస్ అట, పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి సరిగ్గా కనపడని పురుగు కుడితే వస్తుందట. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక రెండో రోజుకే జ్వరం దిగింది. చవక మాత్ర. దయచేసి బాపు ఒళ్లంతా చూడండి, చంకలు, గజ్జలు, నడుం దగ్గర పంచె కట్టుకునే చోటు, వీపు, అన్నీ. పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పరు.

కాజీపేట మైక్రోబయాలజీ:

అక్క చెప్పింది బంగారం లాంటి మాట. పుండు కనపడకపోయినా స్క్రబ్ టైఫస్ లేదని కాదు, చాలామందికి కనపడదు. ఆ క్రిమి కణం లోపల బతుకుతుంది, మామూలు కల్చర్‌లో పెరగదు, అందుకే ఎలైసా అడగమన్నాను.

జనగామ టీబీ సూపర్‌వైజర్:

భయ్యా, టీబీ మందుల గురించి ఒక్క మాట. సీబీనాట్ నెగెటివ్ వస్తే టీబీ ఖచ్చితంగా లేదని కాదు, గళ్ల సరిగా రాకపోతే, ఉమ్మి మాత్రమే ఇస్తే మిస్ అవుతుంది. పొద్దున లేవగానే లోపలి నుంచి దగ్గి తీసిన గళ్ల ఇంకోసారి ఇవ్వండి, ఒక శాంపిల్ లిక్విడ్ కల్చర్‌కు పంపమనండి, అది నెగెటివ్ అని తేల్చడానికి ఆరు వారాలు పడుతుంది. కానీ ఏమీ తేలకుండా చూద్దామని టీబీ మందులు మొదలుపెడితే రెండు నష్టాలు, అసలు జబ్బు వేరేదైతే అది లోపల పెరుగుతూనే ఉంటుంది, పైగా రిఫాంపిసిన్ వేరే క్రిముల మీద కూడా కొంచెం పనిచేస్తుంది కాబట్టి జ్వరం కాస్త తగ్గినట్టై అందరూ మోసపోతారు. డాక్టర్‌తో గొడవపడమని కాదు, ఏ ఆధారంతో మొదలుపెడుతున్నారు సార్ అని అడగండి.

సీక్వెన్సింగ్ అసలు బలం టీబీలో వేరే చోట ఉంది, అది ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే జనానికి అది చేరట్లేదని నా బాధ. టీబీ ఉందని తేలాక ఏ మందు పనిచేయదో తెలుసుకోవాలి. సీబీనాట్ రెండు గంటల్లోపే చెప్తుంది కానీ రిఫాంపిసిన్ ఒక్కదాని గురించే. ఎల్‌పీఏ అనే ఇంకో జన్యు టెస్ట్ ఇంకొన్ని చెప్తుంది. సీక్వెన్సింగ్ అయితే ఒకే దెబ్బకు చాలా మందుల రెసిస్టెన్స్ చెప్తుంది, ఏ జన్యువులో ఏ మార్పు ఉంటే ఏ మందు పనిచేయదో డబ్ల్యూహెచ్‌ఓ 2021లోనే కేటలాగ్ వేసింది, 2023లో రెండోసారి పెంచి వేసింది. గళ్ల నుంచి నేరుగా చేసే టార్గెటెడ్ సీక్వెన్సింగ్ 2024 మార్గదర్శకాల్లోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో 2017 నుంచే టీబీ కల్చర్లను మామూలుగా సీక్వెన్స్ చేస్తున్నారు. ఎండీఆర్, అంటే ముఖ్యమైన మందులకు లొంగని టీబీ ఉన్న పేషెంట్ వారాల తరబడి రిపోర్టు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో పిల్లల మధ్య దగ్గుతుంటే చూసే మాలాంటోళ్లకు దాని విలువ తెలుసు. మండలంలో గళ్ల ఇస్తే జిల్లాలో సీక్వెన్స్ అయ్యే రోజు రావాలి.

కరీంనగర్ రిటైర్డ్ టీచర్:

బాబూ, నీ ప్రశ్నకు సూటి జవాబు నా దగ్గర లేదు, మీ నాన్న త్వరగా కోలుకోవాలి. కానీ ఈ చర్చ చదువుతుంటే 2003 ఎండాకాలం చివర గుర్తొచ్చింది. అప్పుడు మన కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోయేది. అందరం మెదడువాపు అన్నాం, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నాం, పందులను తరిమారు. తర్వాత పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ తేల్చింది, అది చాందీపుర వైరస్ అని. 1965లో మహారాష్ట్రలో చాందీపుర అనే ఊళ్లో మొదట దొరికిన వైరస్, ఇసుక ఈగ కుట్టడం వల్ల వస్తుంది. ఆ ఏడాది రాష్ట్రంలో 329 మంది పిల్లలకు జబ్బు చేస్తే 183 మంది పోయారు. మా బడిలో ఖాళీ అయిన చోటు నాకింకా తెలుసు.

అందుకే నా అభిప్రాయం, ఇలాంటి టెస్ట్ అప్పు చేసి చేయించుకునేది కాకూడదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది, రెండూ డీఎన్‌ఏ మీద పనిచేసే ప్రభుత్వ పరిశోధన సంస్థలే, కరోనాలో వేల శాంపిళ్లు చదివిన చేతులు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. జ్వరాల సీజన్‌లో వరంగల్ నుంచి, ఆదిలాబాద్ నుంచి కారణం తేలని కేసుల శాంపిళ్లు అక్కడికి ఉచితంగా ఎందుకు పోకూడదు?

కాజీపేట మైక్రోబయాలజీ:

సార్, మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. 2003లో కూడా వైరస్‌ను ముందు కల్చర్‌లో పెంచారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తూటా ఆకారం కనిపించింది, ఆ తర్వాత జన్యువు చదివి చాందీపుర అని ఖాయం చేశారు. తర్వాత ఉత్తర తెలంగాణ పిల్లల మీదే ప్రత్యేకంగా అధ్యయనం చేసి, ఇక్కడి మెదడువాపుకు ఇది ముఖ్యమైన కారణమని 2008లో ప్రచురించారు. ఒకరికి కారణం తెలిస్తే ఊరంతటికీ పనికొచ్చే చోట సీక్వెన్సింగ్ మీద పెట్టే ప్రతి రూపాయీ సార్థకమే.

పరకాల రైతుబిడ్డ:

అందరికీ దండాలు. ఒళ్లంతా చూశాం, పుండు ఏదీ లేదు. స్క్రబ్, లెప్టో రెండూ నెగెటివ్. డాక్టర్ గారిని అడిగితే కోప్పడలేదు, మంచిగానే విన్నారు, స్కాన్ మళ్లీ చేశారు, ప్లీహంలో చిన్న చిన్న చీము గడ్డలు ఉన్నాయన్నారు. రక్తం, గళ్ల రెండూ కల్చర్‌కు పోయాయి. ఇవాళ గళ్ల రిపోర్టు వచ్చింది, సూడోమోనాస్ స్పీషీస్ అని ఉంది. కింద మందుల పట్టికలో జెంటామైసిన్ ఆర్, కొలిస్టిన్ ఆర్, అమాక్సిక్లావ్ ఎస్ అని ఉంది. ఇప్పుడు సీక్వెన్సింగ్ అవసరమా మేడమ్? టీబీ మందులు ఇంకా మొదలుపెట్టలేదు.

కాజీపేట మైక్రోబయాలజీ:

తమ్ముడూ, ఈ మెసేజ్ చదవగానే డాక్టర్‌కు ఫోన్ చేయి. ఆ పట్టికను చూడమను. ఆర్ అంటే ఆ మందుకు క్రిమి లొంగదని, ఎస్ అంటే లొంగుతుందని. మామూలు సూడోమోనాస్ బాక్టీరియా అయితే అమాక్సిక్లావ్‌కు లొంగదు, జెంటామైసిన్, కొలిస్టిన్‌లకు లొంగుతుంది. నీ రిపోర్టులో మూడూ తలకిందులుగా ఉన్నాయి. షుగర్ ఉన్న రైతు, వానాకాలం, ఊపిరితిత్తిలో మచ్చ, ప్లీహంలో గడ్డలు, దాంతోపాటు ఈ పట్టిక ఉంటే మొదట గుర్తు రావాల్సిన పేరు మెలియాయిడోసిస్. బర్ఖోల్డేరియా సూడోమాలై అనే బాక్టీరియా, మట్టిలో, పొలం నీళ్లలో ఉంటుంది, కాలి పగుళ్ల నుంచో ఊపిరి నుంచో లోపలికి పోతుంది. 1912లోనే రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు దీన్ని వర్ణించారు, అయినా మన దగ్గర ఇప్పటికీ టీబీ అనుకునో, సూడోమోనాస్ అనుకునో వదిలేస్తుంటారు. ఇంకా నిర్ధారణ కాలేదు, అనుమానమే, కానీ చాలా బలమైన అనుమానం.

ఇప్పుడు రక్తాన్ని సీక్వెన్సింగ్‌కు పంపొద్దు. ఈ జబ్బులో రక్తంలో క్రిములు చాలా తక్కువ, మిల్లీలీటరుకు ఒకటో రెండో ఉన్నా ఉన్నట్టే. కల్చర్ సీసాలో ఆ ఒక్కటీ పెరిగి కోట్లవుతుంది, సీక్వెన్సింగ్‌కు ఆ అవకాశం లేదు, శాంపిల్‌లో ఎంత ఉంటే అంతే. పైగా బర్ఖోల్డేరియా జాతి డీఎన్‌ఏ కెమికల్స్‌లోంచి కూడా వచ్చి చేరుతుంటుంది, రిపోర్టులో పేరు కనపడినా నమ్మాలా వద్దా అని మళ్లీ తల పట్టుకోవాలి. నీ చేతిలో ఇప్పుడు ప్లేటు మీద పెరిగిన క్రిమే ఉంది, దాన్ని వదలకు. ల్యాబ్‌వాళ్లకు మెలియాయిడోసిస్ అనుమానం అని ముందే చెప్పాలి, ఎందుకంటే దాన్ని బయట బల్ల మీద కాదు, సేఫ్టీ క్యాబినెట్‌లో పట్టుకోవాలి. ఆటోమేటిక్ మెషిన్లు కొన్నిసార్లు దీని పేరు తప్పు చెప్తాయి, కాబట్టి టీటీఎస్1 అనే జన్యువుకు పీసీఆర్ చేసే పెద్ద ల్యాబ్‌కు ఆ కాలనీని, అంటే ప్లేటు మీద పెరిగిన క్రిముల గుంపును పంపమని అడగండి. బాక్టీరియాలన్నిటిలో ఉండే ఒక్క జన్యువునే చదివే 16ఎస్ సీక్వెన్సింగ్ ఒక్కటే చేస్తే దీని దగ్గరి బంధువుల నుంచి వేరు చేయడం కష్టం.

పరకాల రైతుబిడ్డ:

మేడమ్, డాక్టర్ గారు కూడా అదే అన్నారు, పీసీఆర్‌లో మెలియాయిడోసిస్ అని ఖాయమైంది. రక్తం కల్చర్‌లో కూడా అదే పెరిగింది. మెరోపెనెమ్ ఎక్కిస్తున్నారు, ఇంకా జ్వరం ఉంది, కానీ బాపు నిన్న గంజి తాగాడు. ఇది ఎన్ని రోజులు? ఆ సీక్వెన్సింగ్ ఇక మర్చిపోవచ్చా?

కాజీపేట మైక్రోబయాలజీ:

చాలా సంతోషం తమ్ముడూ. జ్వరం వెంటనే దిగదు, వారం దాటినా పట్టొచ్చు, మందు పనిచేయట్లేదని కంగారుపడి ఆసుపత్రి మార్చకండి. సెలైన్‌లో ఇచ్చే మందు మామూలుగా కనీసం రెండు వారాలు, లోపల గడ్డలు ఉంటే నాలుగు వారాలు లేదా ఇంకా ఎక్కువ కూడా పోతుంది, అది డాక్టర్ స్కాన్ చూసి చెప్తారు. మధ్యలో ఎవరైనా ఖర్చు తగ్గుతుందని సెఫ్ట్రియాక్సోన్‌కు మారుద్దామంటే ఒప్పుకోవద్దు, ఈ జబ్బుకు అది సరిపోదు. ఆ తర్వాత కోట్రైమోక్సజోల్ మాత్రలు కనీసం మూడు నెలలు. ఇక్కడే చాలామంది జారిపోతారు, ఒళ్లు బాగైందని మాత్రలు ఆపేసి పొలం పోతారు, జబ్బు తిరగబెడుతుంది. షుగర్ కంట్రోల్‌లో పెట్టండి, వచ్చే సీజన్ నుంచి బురదలోకి దిగితే బూట్లు వేసుకోవాల్సిందే, కాళ్లకు పగుళ్లు ఉంటే దిగనే వద్దు.

సీక్వెన్సింగ్‌ను మర్చిపోవద్దు, కానీ అది బాపు రక్తానికి కాదు, ఆ ప్లేటు మీది క్రిమికి. 2021లో అమెరికాలో నాలుగు వేర్వేరు రాష్ట్రాల్లో నలుగురికి ఈ జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు, ఎవరూ దేశం దాటి పోలేదు, ఒకరికొకరు తెలియదు. క్రిముల జీనోమ్‌లు చదివితే నాలుగూ ఒకటే, అదీ దక్షిణాసియా రకం. చివరికి ఒక ఇంట్లో దొరికిన, మన దేశంలో తయారైన సువాసన స్ప్రే సీసాలో అదే క్రిమి పట్టుబడింది. జీనోమ్ చదవకపోతే ఆ నలుగురిని ఎవరూ కలిపేవారే కాదు. మన పరకాల, నర్సంపేట, భూపాలపల్లి పొలాల్లో ఏ రకం ఉంది, పక్కపక్క ఊళ్ల కేసులు ఒకే చోటి నుంచి వస్తున్నాయా అని తెలియాలంటే ఇక్కడి పేషెంట్ల క్రిములు దాచి ఉండాలి. దీని జీనోమ్ 72 లక్షల అక్షరాలు, శుద్ధంగా పెరిగిన కాలనీ నుంచైతే మన డీఎన్‌ఏ అడ్డు లేకుండా పూర్తిగా చదవొచ్చు, మీకు ఖర్చు కూడా ఉండదు, పరిశోధన చేసే సంస్థలే అడిగి తీసుకుంటాయి.

కాబట్టి పీసీఆర్ చేసిన ల్యాబ్‌లో ఆ కల్చర్‌ను గ్లిసరాల్‌లో వేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో స్టాక్ పెట్టమని డాక్టర్ చేత చెప్పించు. రేపు పొద్దున రౌండ్స్‌లోనే అడుగు, ప్లేట్లు ఎక్కువ రోజులు ఉంచరు.